ఎదుటి జట్టు లేని ఆట

 

కొంతకాలం క్రితం ఒక షవ్వాల్ మాసంలో, మదరసా తిరిగి తెరిచేలోపు నాలుగు రోజులు గడుపుదామని మేము గుంటూరులోని మా చెల్లెలి ఇంటికి వెళ్ళాము. పిల్లల బడులకు అప్పుడు వేసవి సెలవులు. అసర్ నమాజు ముగించుకుని వచ్చి గుమ్మంలో అడుగు పెట్టేసరికి లోపల పెద్ద గలభా వినిపించింది. "ఉల్లిపాయలు! ఉల్లిపాయలు ఇవ్వరా!" "పళ్ళెం ఏది? పళ్ళేలు కడిగేది ఎవరు?" "మంట! మంట! ఆర్పండి!" అని కేకలు. ఏదో ప్రమాదం జరిగిందని మేము చెప్పులు విడవడం కూడా మరచి వంటింట్లోకి పరుగెత్తాము. అక్కడ మా చెల్లెలు నింపాదిగా టీ కాస్తున్నది. "ఇక్కడ కాదు భాయీజాన్, ఆ గదిలో" అని నవ్వింది.

ఆ గదిలో నలుగురు పిల్లలు టీవీ ముందు కూర్చుని ఉన్నారు. మా మేనల్లుళ్ళు ఇద్దరు, ఒకడికి 16 ఏళ్ళు, రెండోవాడికి 12. మిగిలిన ఇద్దరూ వారి స్నేహితులు. ఒకడు పెద్దవాడి తరగతివాడు, మరొకడు చిన్నవాడి తరగతివాడు, వెనుక వీధి పిల్లవాడు. గల్ఫ్ నుండి సెలవుపై వచ్చిన చాచా తెచ్చి ఇచ్చిన ఆట పరికరం అది. కంట్రోలర్లు రెండే ఉన్నాయి. ఒక్కొక్కదానిని ఇద్దరేసి చెరో వైపు పట్టుకుని, మోచేతులు రాసుకుంటూ ఆడుతున్నారు. తెరపై నలుగురు వంటవాళ్ళు ఒక ఇరుకు వంటగదిలో అటూ ఇటూ పరుగులు తీస్తున్నారు.

మేము చూస్తుండగానే పొయ్యి మీది సూప్ మాడి మంట లేచింది. ఆట ముగిసింది. పెద్దవాడు కంట్రోలర్‌ను పరుపు మీదికి విసిరి, వెనుక వీధి పిల్లవాడి వైపు తిరిగి, "వీడు ఉన్నంతసేపు మనం గెలవం. రాయిలా నిలబడిపోతాడు" అన్నాడు. ఆ పిల్లవాడు బదులు చెప్పలేదు. కాసేపు తెర వైపే చూసి, "మా అమ్మీ పిలుస్తోంది" అని లేచి వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, మాకూ తెలుసు. మరునాడు అతను రాలేదు. ఆ పై రోజూ రాలేదు.

వీడియో ఆటలు ఆడవచ్చునా, కూడదా అన్న ధర్మసందేహం తీర్చడం ఈ శీర్షిక పని కాదు. దానికి ముఫ్తీలు ఉన్నారు. మేము చెప్పదలచినది వేరు. ఓడించవలసిన ప్రత్యర్థి ఎవరూ లేని ఆటలో, ఆడేవారందరూ ఒకే పక్షాన ఉన్న ఆటలో, స్నేహితులు ఒకరినొకరు ఇంతగా ఎందుకు నొప్పించుకుంటారు? ఈ ప్రశ్న ఆ సాయంత్రం నుండి మమ్మల్ని వదలలేదు.

ఆ వంటగది ఎలాంటిది?

ఆ ఆట పేరు ఓవర్‌కుక్డ్. ఇంగ్లాండుకు చెందిన ఇద్దరు మిత్రులు ఒక చిన్న సంస్థగా ఏర్పడి తయారుచేసిన ఈ ఆట 2016లో విడుదలయింది. మరుసటి సంవత్సరం బ్రిటిష్ అకాడమీ వారు ఇచ్చే ఆటల పురస్కారాలలో కుటుంబసమేతంగా ఆడదగిన ఉత్తమమైన ఆటగా దీనికి గుర్తింపు లభించింది. కుటుంబాలు కలిసి ఆడడానికి మెచ్చుకున్న ఆటే మా చెల్లెలి ఇంట్లో ఇంత కలహానికి కారణమయింది. అందుచేత దాని తీరు ఏమిటో తెలుసుకోవాలనిపించింది.

ఆట నియమం చాలా తేలిక. తెర పైభాగాన గిరాకీల కోరికలు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తుంటాయి. ఒకరికి ఉల్లిపాయల సూప్ కావాలి, మరొకరికి టమాటా సూప్ కావాలి. మూడు ఉల్లిపాయలు తెచ్చి, తరిగి, గిన్నెలో వేసి, ఉడికిన తరువాత శుభ్రమైన పళ్ళెంలో పోసి కిటికీ వద్ద అందించాలి. తిన్న పళ్ళెం మురికిగా తిరిగి వస్తుంది, దానిని కడగాలి. గిన్నెను పట్టించుకోకపోతే మాడి మంట లేస్తుంది, పక్క బల్లకూ అంటుకుంటుంది. ఇదంతా కొద్ది నిమిషాల గడువులో జరగాలి. ఎంతమందికి వడ్డించారన్నదానిని బట్టి ఒకటి నుండి మూడు వరకు నక్షత్రాలు ఇస్తారు. ఆ నక్షత్రాలు ఒక్కరికి రావు, అందరికీ కలిపే వస్తాయి.

చిక్కంతా వంటగదిని కట్టిన తీరులో ఉన్నది. కొన్నిచోట్ల నడుమ బల్ల అడ్డుగా ఉంటుంది. ఉల్లిపాయలు ఇటు, గిన్నె అటు. అటువాడు అందుకోకపోతే ఇటువాడు ఎంత చురుకైనవాడైనా ఏమీ చేయలేడు. ఒక వంటగది ఓడ మీద ఉంటుంది, ఓడ ఊగినప్పుడల్లా బల్లలు జరిగిపోతాయి. మరొకటి రోడ్డు మీద పరుగెత్తే లారీలపై ఉంటుంది, అవి దగ్గరైనప్పుడే ఒకరికొకరు వస్తువులు అందించుకోగలరు. దారి ఇరుకు కనుక ఎదురుపడితే ఒకరికొకరు అడ్డమే. ఒక్క వంటవాడే అన్ని పనులూ చేసుకోవడం కష్టమయ్యేలా బుద్ధిపూర్వకంగా కట్టిన వంటగది అది. దీనిని తయారుచేసినవారిలో ఒకరు గతంలో భోజనశాల వంటింట్లో పనిచేశారట. ఆ అనుభవంలో నుండే ఈ ఆలోచన పుట్టిందట.

పళ్ళేలు కడిగే పని

నాలుగో మనిషి లేక ఆట సాగడం లేదని మూడోనాడు పిల్లలు మమ్మల్ని బతిమాలారు. "మామూజాన్, మీరు పళ్ళేలు మాత్రం కడగండి, చాలు" అన్నారు. మా వయసేమిటి, మా వృత్తి ఏమిటి అని ఒక్క క్షణం సందేహించాము. కాని ఆ పిల్లవాడు కూర్చున్న చోట కూర్చుని చూడాలన్న కోరిక కూడా మాకు లేకపోలేదు. బిస్మిల్లాహ్ అని కంట్రోలర్‌లో సగభాగం పట్టుకున్నాము.

రెండు నిమిషాలు గడవకముందే పెద్దవాడు, "మామూజాన్! ఎందుకు నిలబడ్డారు? కదలండి!" అని అరిచాడు. మేము నిలబడిన మాట నిజమే. కడగడానికి మురికి పళ్ళెం ఒక్కటీ రాలేదు. వడ్డిస్తే కదా అది తిరిగి వచ్చేది! పోనీ ఉల్లిపాయలు తరుగుదామంటే, తరిగినంతసేపూ బల్ల వద్ద నిలబడే ఉండాలి. దూరం నుండి చూసేవారికి అది కూడా ఖాళీగా నిలుచున్నట్టే కనబడుతుంది. బల్ల విడిచి వెళదామంటే ఇరుకు దారిలో పెద్దవాడి స్నేహితుడు గిన్నె పట్టుకుని వస్తున్నాడు. మేము అడుగు ముందుకు వేస్తే అతని దారి మూసుకుపోతుంది.

వెనుక వీధి పిల్లవాడు రాయిలా ఎందుకు నిలబడ్డాడో మాకు అప్పుడు తెలిసింది. అతను సోమరి కాడు, మందబుద్ధి అంతకన్నా కాడు. అతని చేతికి రావలసినది ఇంకా రాలేదు, అంతే. ఆ మాట అతను చెప్పలేదు, మిగిలినవారు అడగలేదు. అందరి కళ్ళూ ఎవరి పని మీద వారికే ఉన్నాయి. పక్కవాని వైపు చూసిన ఒక్క క్షణంలో అతను ఖాళీగా కనిపించాడు. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని తీర్పు చెప్పారు.

కబడ్డీలో ఓడిపోతే ఎదుటి జట్టు బలమైనదని సరిపెట్టుకుంటాము. క్యారమ్ బోర్డులో ఓడితే ఎదుటివాని చేతివాటాన్ని మెచ్చుకుంటాము, లేదా వాడు దొంగాట ఆడాడని అంటాము. మన కోపం పోయి కూర్చోవడానికి అక్కడ ఒక చోటు ఉన్నది. కలిసి ఆడే ఆటలో అలాంటి చోటు లేదు. పొయ్యిని తిట్టలేము, ఉల్లిపాయను నిందించలేము. ఓటమి మన చేతుల వల్లనే అని ఒప్పుకోవడం మనసుకు కష్టం. ఇక కోపానికి మిగిలేది మోచేతి దూరంలో కూర్చున్న స్నేహితుడు. పైగా ఆ స్నేహితుణ్ణి మనం తెలియకుండానే మన మూడో చేయిగా భావిస్తాము. మన చేయి మన మాట వినకపోతే వచ్చే చిరాకు వంటిదే అది. కాని అతను మన చేయి కాడు. అతనికీ రెండు కళ్ళు, ఒక బుద్ధి, తనదైన ఒక ఆలోచన ఉన్నాయి.

మా వంతు

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మేము పిల్లల తప్పు పట్టిన పెద్దమనిషిగా మిగిలిపోయేవారం. కాని జరిగినది అది కాదు.

మరునాటికి మా వేళ్ళు కొంత అలవాటు పడ్డాయి. పళ్ళేలు కడగడమే కాక వడ్డించడం కూడా నేర్చుకున్నాము. ఆ సాయంత్రం మూడో నక్షత్రానికి కొద్ది దూరంలో ఉన్నాము. ఒక్క సూప్ అందిస్తే చాలు. చిన్న మేనల్లుడు తొందరలో ఉడికిన గిన్నెను పళ్ళెంలో పోయవలసింది పోయి చెత్తబుట్టలో పోశాడు. అంతే, మా నోటి నుండి మాట జారిపోయింది. "నీకు కళ్ళు లేవా? ఇంత చిన్న పని కూడా చేతకాదా?"

గది నిశ్శబ్దమయింది. ఆ పిల్లవాడు మా వైపు తిరిగి మెల్లగా, "మామూజాన్, మీరు కూడానా?" అన్నాడు.

మేము ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. ఆట కోసం కాదు. అవే మాటలు మేము అంతకు ముందు ఎక్కడో అన్నామన్న సంగతి గుర్తుకు వచ్చింది. చాలా ఏళ్ళ క్రితం మా హిఫ్జ్ తరగతిలో ఒక బాలుడు ఉండేవాడు. పాఠం ఒప్పజెప్పేటప్పుడు ఒకేచోట మళ్ళీ మళ్ళీ ఆగిపోయేవాడు. అతను ఎందుకు ఆగుతున్నాడో మేము ఏనాడూ అడగలేదు. నిన్న ఇచ్చిన పాఠమే ఇంకా మనసులో కుదురుకోక ముందే ఈనాటి పాఠం ఇస్తున్నామేమో ఆలోచించలేదు. వార్షిక పరీక్షలు దగ్గరపడుతున్నాయి, తరగతి అంతా ఒక స్థాయికి చేరాలి, ఇతని వల్ల అందరూ ఆగిపోతున్నారు అన్నదే మా చింత. ఒకనాడు అందరి ఎదుట, "ఇంత చిన్న సూరా కూడా నీకు చేతకాదా?" అన్నాము. బక్రీదు సెలవులకు ఊరికి వెళ్ళిన ఆ బాలుడు తిరిగి రాలేదు. తండ్రి వచ్చి అతని పెట్టె తీసుకువెళ్ళాడు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మేమూ ఆయనకు ఏమీ చెప్పలేదు.

తరగతి కూడా కలిసి చేసే పనే. అక్కడా ఎదుటి జట్టు లేదు.

హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుండి దాదాపు పదేళ్ళు దైవప్రవక్త (సఅసం) సేవలో ఉన్నారు. ఆ కాలమంతటిలో తనను ఒక్కసారి కూడా విసుక్కోలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని ఆయనే చెప్పుకున్నారు. ఈ సంగతి మేము ఎన్ని తరగతులలో బోధించామో లెక్క లేదు. పదేళ్ళలో ఒక పిల్లవాడు ఎన్ని పనులు మరచిపోయి ఉంటాడో, ఎన్ని పాత్రలు జారవిడిచి ఉంటాడో మాత్రం ఆ రాత్రి తప్ప ఎన్నడూ ఆలోచించలేదు.

బావర్చి నేర్పిన పాఠం

నిజమైన వంటగదిలో ఇది ఎలా సాగుతుందో మన ఇళ్ళలో వివాహాలకు వెళ్ళినవారందరూ చూసే ఉంటారు. దమ్ బిర్యానీ వండే బావర్చి దగ్గర అయిదారుగురు పనివాళ్ళు ఉంటారు. బియ్యం సరిగ్గా ఎంత ఉడకాలో అంత ఉడికినప్పుడే వార్చాలి. ఆ వేళకు మాంసం సిద్ధమై ఉండాలి, నిప్పులు సిద్ధమై ఉండాలి, మూత అంచుకు పెట్టే పిండి కలిపి ఉండాలి. ఒక్కరు ఆలస్యం చేసినా దేగ్ మొత్తం పాడవుతుంది. అయినా అక్కడ అంత గలభా ఉండదు. ఎవరి పని ఏమిటో పొయ్యి వెలిగించక ముందే తేలిపోయి ఉంటుంది. బావర్చి స్వయంగా ఉల్లిపాయలు తరుగుతూ కూర్చోడు. నిలబడి అందరి చేతులూ చూస్తుంటాడు. ఎవరి చేతికి ఏది రాలేదో గమనించేవాడు అక్కడ ఒకడు ఉంటాడు. తెరపైని వంటగదిలో లేనిది అతనే.

ముగ్గురు కలిసి ప్రయాణం చేసినా వారిలో ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలన్న ప్రవక్త (సఅసం) బోధన మనకు తెలిసినదే. నాయకుడంటే బాగా ఆడేవాడు కానక్కరలేదు, అందరినీ చూడగలవాడు కావాలి. మరునాడు పిల్లలతో ఈ మాటే చెప్పాము. ముందుగా మేము చిన్నవాడిని అందరి ఎదుట క్షమాపణ కోరాము. అందరి ఎదుట అన్న మాటకు చాటున క్షమాపణ చాలదు కదా! తరువాత ఆట మొదలుపెట్టక ముందు రెండు నిమిషాలు కూర్చుని పనులు పంచుకున్నారు. నిందించే మాటలు మానుకుని, అవసరం చెప్పే మాటలే వాడాలని ఒప్పుకున్నారు. "పళ్ళెం ఏదిరా?" అనడానికి బదులు "నాకు పళ్ళెం కావాలి", "నా చేతులు ఖాళీ" అనాలి. ఈ "నా చేతులు ఖాళీ" అన్న ఒక్క మాట చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఖాళీగా నిలబడడం అప్పటివరకు నేరంగా ఉండేది. ఇప్పుడది అందరికీ పనికివచ్చే కబురయింది.

తల్లిదండ్రులకు ఒక మాట

ఒకే గదిలో కూర్చుని ఆడే ఆటకు ఒక సౌలభ్యం ఉన్నది. అమ్మ పిలిస్తే ఆపి లేవవచ్చు. ఫోనులలో దూరంగా ఉన్న స్నేహితులతో ఆడే ఆటలకు ఆ సౌలభ్యం లేదు. మన ఇళ్ళలో పబ్జీ అనే పేరుతో తెలిసినదీ, 2020 సెప్టెంబరులో నిషేధానికి గురై 2021లో మరో పేరుతో మన దేశానికి వచ్చినదీ అలాంటిదే. నలుగురు ఒక జట్టుగా, వందమంది ఉన్న మైదానంలో దిగుతారు. ఒకడు దెబ్బతిని పడిపోతే, గడువులోపు జట్టువాడు వచ్చి లేపాలి. ఆట మొదలయితే దాదాపు అరగంట ఆపడానికి వీలుండదు. ఒకరి ఇంట్లో నెట్ నెమ్మదించినా, ఒకరిని తండ్రి అంగడికి పంపినా మిగిలిన ముగ్గురు నష్టపోతారు. కోపంతో ఫోన్లు చేసుకుంటారు. అవతలివాని ముఖం కనబడదు కనుక మాటలు మరింత కరుకుగా వస్తాయి.

"పదిసార్లు పిలిచినా లేవడు" అని చాలామంది తల్లులు మాతో బాధపడుతుంటారు. ఆ పిల్లవాడు లేవకపోవడంలో మొండితనం కొంత, స్నేహితులను నడిమధ్యలో వదలలేని మొహమాటం కొంత ఉంటాయి. ఈ రెండవదానిని గుర్తించినవారికి మొదటిదానిని సరిచేయడం సులభమవుతుంది. నడుమ అరవడం కంటే మొదలుపెట్టక ముందే లెక్క చూడమనడం మేలు. అజాన్‌కు అరగంట వ్యవధి ఉన్నదా? ఇంట్లో చేయవలసిన పని ఏదైనా మిగిలి ఉన్నదా? లేదంటే దిగు, ఉన్నదంటే దిగవద్దు. "నేను ఇన్ని గంటలకు లేచిపోతాను" అని స్నేహితులకు ముందుగా చెప్పడం కూడా వాగ్దానం నిలుపుకోవడంలో భాగమే. అలాగే ఆట ముగిసిన తరువాత పిల్లల ముఖాలు గమనించండి. గెలిచారా ఓడారా అని కాక, "ఈ రోజు ఎవరైనా నొచ్చుకుని వెళ్ళారా?" అని అడగండి. ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబులో వాళ్ళు నేర్చుకున్నది ఏమిటో తెలిసిపోతుంది.

వెనుక వీధి పిల్లవాడు

మేము బయలుదేరే ముందురోజు పెద్ద మేనల్లుడు తనంత తానే, "మామూజాన్, మీరూ వస్తారా?" అని అడిగాడు. ఎక్కడికని మేము అడగలేదు. మగ్రిబ్ తరువాత ఇద్దరం వెనుక వీధికి నడిచాము. ఆ పిల్లవాడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పెద్దవాడు సలాం చేసి, కాసేపు చెప్పులవైపు చూస్తూ నిలబడి, "నువ్వు పళ్ళేల కోసం ఆగావని నాకు తెలియలేదురా" అన్నాడు. పిల్లవాడు "పర్వాలేదు అన్నా" అన్నాడు. పర్వాలేదనడానికీ పర్వాలేకపోవడానికీ మధ్య ఉన్న దూరం ఎంతో మాకు తెలుసు. మేము నోరు మెదపలేదు.

మరునాడు మధ్యాహ్నం అతను వచ్చాడు. కంట్రోలర్ ముట్టుకోలేదు. వెనుక గోడకు ఆనుకుని కూర్చుని చూశాడు. కాసేపటికి, "టమాటా సూప్ గడువు అయిపోతోంది, ముందు అది ఇవ్వండి" అన్నాడు. ఇంకాసేపటికి, "భాయ్, గిన్నె మాడుతోంది" అన్నాడు. అందరి చేతులూ చూడగలిగినవాడు అతనొక్కడే అయ్యాడు. మా బస్సు వేళ అయింది. మేము లేచేటప్పటికి చిన్నవాడు తన కంట్రోలర్‌లో సగభాగాన్ని అతని వైపు జరుపుతున్నాడు. అతను తీసుకున్నాడో లేదో చూడకుండానే వచ్చేశాము.

హిఫ్జ్ తరగతి విడిచి వెళ్ళిన ఆ బాలుడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. అతని తండ్రి ఊరి పేరు మదరసా పాత రిజిస్టరులో ఉన్నది. ఈ సంచిక మీ చేతికి అందే లోపు ఆ ఊరికి వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. ఏమి చెప్పాలో ఇంకా తెలియదు. పెద్ద మేనల్లుడు చెప్పిన మాట కంటే మంచి మాట మాకు తోచడం లేదు.

మనతో కలిసి పనిచేసేవారి చేతులు ఎందుకు ఆగాయో చూడగల చూపును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.